కల గుర్తుండేవారు, గుర్తుండనివారు
విశాఖ ఉక్కు కర్మాగారంలో ఉదయపు షిఫ్టుకు చీకటితోనే లేచే గాజువాక కార్మికుడు తనకు కలలే రావంటాడు. ఎంవీపీ కాలనీలో తీరిగ్గా నిద్రలేచే అతని అక్క మాత్రం కలలో నాన్నగారు అన్న మాటలను సైతం పూసగుచ్చినట్లు చెబుతుంది. తమ్ముడి మాటను నేను అంగీకరించలేను. 1953లో నిద్ర పరిశోధకులు అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ వెల్లడించిన, కలలు ఎక్కువగా వచ్చే, కనుగుడ్లు వేగంగా కదిలే నిద్రదశ దాదాపు 90 నిమిషాలకోసారి వస్తూ, తెల్లవారుజాముకు నిడివి పెంచుకుంటుంది గనుక, పెందలాడే లేచేవారు ఎక్కువగా కోల్పోయేది ఆ చివరి దీర్ఘమైన కలలనే. సరిగ్గా ఆ దశలో నిద్రలేపితే, కలలు రావనేవారిలోనూ చాలామంది ఏదో ఒకటి చెప్పగలరు. అయితే అలారం మోగగానే బస్సు వేళ తలచుకునేవారికి అది నిమిషాల్లో చెరిగిపోతుంది. కదలకుండా కాసేపు నెమరువేసుకునేవారికి నిలిచే అవకాశం ఎక్కువ. అనుభవంలోనూ భేదముంది: పుట్టుకతో చూపులేనివారి కలల్లో శబ్దం, స్పర్శ, వాసనలే ప్రధానం.