వైజాగ్‌లో కోబియా వేట పడవ: కొన్ని సీజన్లు వాడాక నా మాట

"చేప గ్యారంటీయేనా?"

కోబియా వేటకు పడవ మాట్లాడుకుందామనుకునే హైదరాబాద్ మిత్రులు నన్ను మొట్టమొదట అడిగేది ఇదే. గ్యారంటీ అని మెసేజ్ పెట్టినవాడికి అడ్వాన్సు పంపకండి అని చెబుతుంటాను. నేను కొన్ని సీజన్లుగా వాడుతున్న సర్వీసు విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు నుంచి నడుస్తుంది. చాలా చిన్నది. ఒక ఫైబర్ బోటు, అరవై దాటిన సరంగు (పడవ నడిపే పెద్ద), ఒక కళాసీ (పడవ పనివాడు), ఫోన్లు ఎత్తడానికి సరంగు మేనల్లుడు. పేరు చెప్పను. మెచ్చుకోవలసినవి ఎన్ని ఉన్నాయో, తిట్టుకోవలసినవీ దాదాపు అన్నే ఉన్నాయి.

ముందు చేప గురించి నాలుగు ముక్కలు. కోబియా ముదురు గోధుమ రంగులో, తెల్లటి పొట్టతో, పక్కన పొడుగునా నల్లటి చారతో ఉంటుంది. తల బల్లపరుపు. నీళ్లలో పైనుంచి చూస్తే సొరపిల్ల అనే అనుకుంటారు. దాని కుటుంబంలో అదొక్కటే జాతి. దగ్గరి బంధువుల్లో సొరల పొట్టకు అతుక్కుని తిరిగే రెమోరా ఒకటి. బహుశా ఆ చుట్టరికం వల్లనేమో, కోబియా కూడా ఏదో ఒక పెద్దదాని నీడలో తిరగడానికి ఇష్టపడుతుంది. పళ్లెంలా చదునుగా ఉండే టేకు చేపలు, తాబేళ్లు, తేలే దుంగలు, ఓడలకు దారి చూపే బోయాలు, లంగరేసిన ఓడలు, మునిగిన పడవలు, ఏదైనా సరే. పీతలంటే ప్రాణం. అందుకే ఈ వేటలో గైడుకు అంత విలువ. వల వేసి ఊడ్చే పని కాదు ఇది. ఏ నీడ కింద చూడాలో తెలిసిన కన్ను కావాలి. నేను డబ్బు కట్టేది ఆ కంటికి.

ప్రకటనల్లో ముప్పై కిలోల చేపను ఇద్దరు మోస్తున్న ఫొటోలు కనిపిస్తాయి. అలాంటివి ఉన్నాయి, కాదనను. ప్రపంచ రికార్డు 61.5 కిలోలు, 1985లో ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో పడింది. మా పడవలో ఎక్కువగా పడినవి మాత్రం 5 నుంచి 10 కిలోల మధ్యవి. 10 కిలోల కోబియా చేతులు పడిపోయేలా చేస్తుంది, అది చాలు. కోబియా లేకుండా తిరిగొచ్చిన రోజులూ తక్కువేం కావు. అలాంటి రోజున వంజరం, ట్రెవల్లీ ఏదో ఒకటి పడుతుంది. అదీ పడకపోతే ఎండ తగులుతుంది.

బుకింగ్ అంతా వాట్సాప్‌లోనే. నలుగురికి పడవ మొత్తం మాట్లాడుకుంటే రోజుకు 20,000 పైచిలుకు అవుతుంది. డీజిల్, ఐసు, ఎర అందులోనే. భోజనం మనదే. మేనల్లుడు జవాబిచ్చేసరికి ఒక్కోసారి రెండు రోజులు. ఫోన్ చేస్తే ఎత్తుతాడు కానీ తారీఖులు నోట్లో చెప్పి మరిచిపోతాడు. ఒకసారి మాకిచ్చిన తారీఖే ఇంకో జట్టుకూ ఇచ్చేశాడు. హార్బరులో తెల్లవారుజామున రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడి, ఎవరు ముందు డబ్బు పంపారో ఫోన్లలో వెతుక్కున్నాం. సరంగు బయటికొచ్చి మేనల్లుణ్ణి అందరి ముందూ నాలుగు తిట్టి, ఆ జట్టుకు తన తమ్ముడి పడవ ఇప్పించాడు. అప్పటినుంచి డబ్బు పంపగానే తారీఖు, ఎంతమంది, ఎన్నింటికి అన్నీ రాసి, "అవును" అని టైపు చేయించుకుంటున్నాను.

తారీఖు ఎంచుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 61 రోజులు. మృగశిర కార్తె నాడు హైదరాబాద్ అంతా చేపల కోసం రాంనగర్ మార్కెట్ మీద పడుతుంటే, అక్కడ హార్బరులో పడవలన్నీ కట్టేసి ఉంటాయి. ఆ రోజుల్లో "మేం తీసుకెళ్తాం, ఏం కాదు" అనే ఆపరేటరు తగిలితే అక్కడితో సంభాషణ ముగించండి. నిషేధం అయ్యాక వచ్చేది వర్షాకాలం, ఆ తర్వాత తుఫాన్ల రోజులు. నాకు అచ్చొచ్చింది డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా. నీళ్లు తేటపడతాయి, పొద్దుటిపూట గాలి తక్కువ.

ఇక అసలు విషయం, ట్రిప్పు రద్దు. నేనుండేది నిజాంపేటలో. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా, దేశం మొత్తానికి అలల సూచనలిచ్చే ఇన్‌కాయిస్ మా ఇంటికి దగ్గర్లోనే, ప్రగతినగర్‌లో ఉంది. వాళ్ల సూచనల్లో అలల ఎత్తు, స్వెల్ (దూరం నుంచి వచ్చే పొడుగాటి అలలు), గాలి వేగం అన్నీ వస్తాయి. ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచీ అవి చూడటం నాకు అలవాటైంది. అలల ఎత్తు మీటరున్నర దాటితే చిన్న పడవలో వేట సంగతి మరచిపోవచ్చు.

ఒక ఫిబ్రవరిలో సూచన బాగానే ఉంది. రైలు దిగి, గదిలో సామాను పెట్టుకుని, సాయంత్రం హార్బరుకు వెళ్తే సరంగు తూర్పు వైపు చూస్తూ కూర్చున్నాడు. "రేపొద్దు బాబూ. గాలి మారిపోనాది" అన్నాడు. ఫోన్ తీసి సూచన చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని ఓపిగ్గా చూశాడు. "అది కరెక్టే బాబూ. నా పడవకి కాదు" అన్నాడు. అడ్వాన్సు మొత్తం ఆ రాత్రే తిరిగి వచ్చింది. మాతో వచ్చిన ఇద్దరు వేరే పడవ మాట్లాడుకుని వెళ్లారు. ఒళ్లంతా తడిసి, వాంతులు చేసుకుని, ఒక కోబియాతో తిరిగొచ్చారు! ఇప్పటికీ ఆ ఫొటో గ్రూపులో పెట్టి నన్ను ఏడిపిస్తుంటారు. ఏడిపించనివ్వండి. డబ్బు పోయినా వద్దనగలిగిన మనిషి పడవే నేను ఎక్కుతాను. మీరు ఏ ఆపరేటరుతో మాట్లాడినా, వాతావరణం బాగోలేకపోతే నిర్ణయం ఎవరిది, డబ్బు ఎంత వెనక్కి ఇస్తారు అన్న రెండూ ముందే అడగండి. "అప్పుడు చూద్దాం సార్" అన్నారంటే ఇవ్వరు.

ఇంతకుముందు నేను వాడిన ఒక సర్వీసు ఆ రకమే. వాళ్ల పేజీలో ఉన్న ఫొటోల్లో నీళ్లు చూస్తేనే తెలుస్తుంది, అవి అండమాన్‌వి. యూపీఐలో డబ్బు తీసుకుని, మాట్లాడిన పడవ రిపేరని చెప్పి, లైఫ్ జాకెట్లు కూడా సరిపడా లేని ఇంకో పడవ పంపారు. మేం ఎక్కలేదు. డబ్బు కోసం తిరగ్గా తిరగ్గా సగం వచ్చింది.

ఈ సరంగు దగ్గర ఆ టెన్షన్ లేదు. పడవ రిజిస్ట్రేషన్, లైసెన్సు కాగితాలు అడిగితే చూపిస్తాడు. మన ఆధార్ కాపీలు ముందురోజే పంపాలి. నౌకాదళం ఉన్న ఊరు కాబట్టి హార్బరు దాటేదాకా కెమెరాలు సంచిలో పెట్టమంటాడు, ఆ మాట వినండి. వైర్‌లెస్ సెట్టు పనిచేస్తుంది, నేను పరీక్షించాను. కోస్ట్‌గార్డ్ నంబరు 1554 పడవ లోపలివైపు పెయింటుతో రాసి ఉంటుంది.

వేట ఎలా ఉంటుందో ఒక పొద్దు చెబుతాను. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనకబడి, లంగరేసిన ఓడలు ఒక్కొక్కటే దాటుతున్నాం. మేం ముందు గేలాలు వేసి కానాగంతలనే చిన్న చేపలు పట్టి, నీళ్ల డ్రమ్ములో బతికే ఉంచుకున్నాం. అదే ఎర. సరంగు ఇంజను తగ్గించి, నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. ఫ్లోరిడాలో ఈ వేటకు వెళ్లే పడవల మీద చూడటానికే ఎత్తైన టవర్లు కడతారు. మా సరంగుకు డీజిల్ పీపాయే టవరు. ఒక్కసారిగా ఇంజను ఆపేశాడు. నలభై గజాల్లో తాబేలు తేలుతోంది. దాని కింద గోధుమరంగు నీడలు రెండు.

నేను గేలం విసరబోతే నా మణికట్టు పట్టుకున్నాడు. తాబేలుకు గేలం తగిలితే పాపమూ, కేసూ రెండూ అన్నాడు. అది మునిగేదాకా ఆగాం. తాబేలు దిగిపోగానే నీడలు రెండూ దిక్కుతోచనట్టు పైనే తచ్చాడాయి. ఇలా దగ్గరికొచ్చి పడవను వింతగా చూసే గుణం కోబియాకు ఉంది, అదే దాని కొంప ముంచుతుంది. కానాగంతను వాటి దారికి ముందు వేయించాడు, నెత్తిన కాదు. పెద్దది తిరిగింది. దారం సాగింది. "లాగకు, లాగకు, మింగనీ" అని వెనకనుంచి గొణుగుతున్నాడు. తర్వాత "ఇప్పుడు!"

చిత్రమేమిటంటే, కోబియా మొదట్లో పెద్దగా పోరాడకుండానే పడవ దగ్గరికి వచ్చేస్తుంది. కొత్తవాళ్లు సంబరపడి కొక్కెం కర్రతో లాగేస్తారు. అలసిపోని చేపను పడవలోకి తెస్తే అది నానా బీభత్సం చేస్తుంది. రాడ్లు విరుగుతాయి, కాళ్లకు తగులుతుంది. వీపు మీద పొట్టి ముళ్ల వరస ఉంటుంది, కోసేస్తుంది. మా సరంగు దాన్ని పడవ పక్కకు వచ్చినా ముట్టుకోనివ్వడు. చేప పడవను చూసి మళ్లీ కిందికి దూకి, దగ్గర్లోని ఓడ లంగరు గొలుసు వైపు పరిగెడుతుంది. గొలుసుకు దారం తగిలిందా, అంతే సంగతులు. ఆ రోజు సరంగు ఇంజను వేసి పడవనే గొలుసుకు దూరంగా జరిపి, చేపను ఖాళీ నీళ్లలోకి తెచ్చాడు. రాడ్ పట్టుకుని చెమటలు కక్కింది నేనే అయినా సగం వేట ఆయనే ఆడాడు.

పరికరాల విషయంలో మాత్రం ఈ సర్వీసుకు మార్కులు తక్కువ. రీళ్లు పాతవి, ఒకదాని డ్రాగ్ (దారం జారే బిగువు సరిచేసే బ్రేకు) పట్టేస్తుంది, రాడ్ల రింగులకు తుప్పు. ఏటా చెబుతూనే ఉన్నాను, ఏటా "ఈసారి కొంటాం సార్" అంటాడు మేనల్లుడు. మీ సొంతవి తీసుకెళ్లండి. మూడు ముక్కలుగా విడిపోయే గట్టి రాడ్, 50 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిక దారం), దాని చివర కట్టే 60 నుంచి 80 పౌండ్ల లీడర్ దారం, 7/0 సైజు దగ్గర్లో సర్కిల్ హుక్కులు (గుండ్రంగా వంగిన గేలాలు). గండిపేట, హిమాయత్‌సాగర్‌లలో కొర్రమీనుకు వాడే సరంజామా ఇక్కడ పనికిరాదు. రైల్లో రాడ్ల గొట్టం చూసి క్రికెట్ కిట్టా అని అడుగుతారు, అవునంటే గొడవ వదులుతుంది.

పడవలో టాయిలెట్ లేదు. దాని గురించి అడిగితే సరంగు ఇబ్బందిగా నవ్వి ఊరుకుంటాడు. మా ఆవిడ ఒకే ఒక్కసారి వచ్చి మళ్లీ రానంది, ఆమె మాటలో న్యాయముంది. పైకప్పు ముందు సగానికే ఉంది. టోపీ, పొడుగు చేతుల చొక్కా, నీళ్లు మనిషికి కనీసం మూడు లీటర్లు పెట్టుకోండి. పడవ ప్రయాణం పడనివాళ్లు డాక్టరును అడిగి అవోమిన్ లాంటి మాత్ర ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది కడుపులో నిలవదు. పొద్దున్న ఇడ్లీ తినండి, పూరీ జోలికి పోకండి.

నాంపల్లిలో సాయంత్రం ఎక్కే గోదావరి ఎక్స్‌ప్రెస్ వైజాగ్ చేరేసరికి తెల్లారుతుంది, పడవ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి ఒక రోజు ముందే చేరాలి. తిరుగు ప్రయాణానికి మాత్రం అదే రైలు సరిగ్గా కుదురుతుంది. మధ్యాహ్నానికి ఒడ్డుకు వస్తాం, చేపను కోయించి, థర్మోకోల్ పెట్టెలో ఐసు నింపి, టేపు చుట్టి ఎక్కేయవచ్చు. కోబియా తోలు మందం, హార్బరులో చేపలు కోసే ఆడవాళ్ల చేత తోలు తీయించే తెచ్చుకోండి. ఇంట్లో కత్తిపీటతో అయ్యే పని కాదు. కండ తెల్లగా, గట్టిగా ఉంటుంది. వేపుడుకు బాగుంటుంది, పులుసులో ముక్క విరగదు. వంజరం కన్నా నాకు ఇదే ఇష్టం. మా అత్తగారు ఒప్పుకోరు. కోబియాను మన దేశంలో పెంచుతున్నారు కూడా. తమిళనాడులోని మండపం ఊళ్లో ఉన్న సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రంలో 2010లో పిల్లలను పుట్టించగలిగారు. ఏడాదిలో నాలుగైదు కిలోలు పెరిగే చేప కాబట్టి అంత ఆసక్తి.

చేప ఎవరిదన్నది పడవ ఎక్కకముందే తేల్చుకోవాలి. మా ఒప్పందం ప్రకారం మొదటి కోబియా మాది, తర్వాత పడ్డవాటిలో సగం పడవది. ఇది రాసుకోలేదు గానీ ఎప్పుడూ తేడా రాలేదు. చిన్నవాటిని వదిలేయడం దగ్గరే పేచీ. ఫ్లోరిడాలో మూతి నుంచి తోక చీలిక దాకా 36 అంగుళాలు లేని కోబియాను నీళ్లలో వదలాల్సిందే. నేనూ అదే కొలత పడవ అంచుమీద మార్కరుతో గీశాను. సరంగు గీత చూసి తలూపుతాడు, కళాసీకి మాత్రం ప్రతి చేపా గీత దాటినట్టే కనిపిస్తుంది. వదిలేసిన ప్రతిదానికీ అతనికి కొంత డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాక కళ్లు కాస్త బాగుపడ్డాయి.

పిల్లలతో సరదాగా రెండు గంటలు సముద్రం చూసి రావాలనుకునేవాళ్లకు, కచ్చితంగా చేపతో ఫొటో కావాలనుకునేవాళ్లకు ఈ సర్వీసు వద్దు. ఆఫీసు జట్టు పార్టీలకు అసలే వద్దు. పడవలో మందు తెరిస్తే సరంగు మాట్లాడకుండా ఒడ్డుకు తిప్పేస్తాడు, డబ్బు తిరిగివ్వడు. తెల్లవారుజామున లేచి, చెప్పింది విని, ఖాళీ చేతులతో వచ్చినా ముఖం మాడ్చుకోని నలుగురు దొరికితే మాత్రం బుక్ చేసుకోండి. నేను వచ్చే జనవరికి చెప్పి ఉంచాను. అడ్వాన్సు సగానికి పెంచామని మేనల్లుడు మెసేజ్ పెట్టాడు. పెంచుకోనీ గానీ, ముందు ఆ రీలు సంగతి తేల్చమని జవాబిచ్చాను. రెండు రోజులైంది, ఇంకా చూడలేదు.