అమ్మ గదిలో స్ప్రింక్లర్లు: మూడేళ్ల వాడకం తర్వాత

మా ఇల్లు హైదరాబాద్‌లోని నాచారంలో. కింద పార్కింగ్, మొదటి అంతస్తులో మేము, పైన అద్దెకున్నవాళ్లు. అమ్మ వాకర్ లేకుండా అడుగు వెయ్యలేదు. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి 8 మంది చనిపోయారు. ఆ వార్త చూసి కిందికి దిగితే, తమ్ముడి స్కూటర్ సరిగ్గా అమ్మ గది కిందే చార్జింగ్‌లో ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మంట వేడికి వాటంతటవే నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు ఇంట్లో పెట్టించాలనుకున్నాను.

ముందు పిలిచిన ప్లంబర్ "ఇండ్లల్ల ఎవలు పెట్టుకుంటరు సార్, ఆఫీసులకు పెడ్తం గని" అన్నాడు. చివరికి ఆఫీసులకు ఫైర్ పనులు చేసే ఒకాయన ఒప్పుకున్నాడు. రెండు అంతస్తులకూ పార్కింగ్‌కూ కలిపి 14 హెడ్లు (సీలింగ్ దగ్గర నీళ్లు చల్లే మూతులు), పంపు, పైపులు, కూలీ అంతా లక్షా అరవై వేలయింది. పాత ఇల్లు కాబట్టి నారింజ రంగు సీపీవీసీ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) పైపు హాల్లో బయటికే కనిపిస్తుంది. చుట్టాలు అడుగుతూనే ఉంటారు. కొత్తగా కట్టుకునేవాళ్లు ఫాల్స్ సీలింగ్ వెయ్యక ముందే ఈ పైపులు లాగించుకోండి, ఖర్చూ తగ్గుతుంది, చూపూ చెడదు.

అమ్మ మొదటి ప్రశ్న: "ఊదుబత్తి ముట్టిచ్చినా నీళ్లు వడ్తయా బిడ్డా?" పడవు. పొగకూ దీనికీ సంబంధం లేదు. హెడ్‌లో చిన్న గాజు బుడ్డి, అందులో ద్రవం ఉంటాయి. వేడికి ద్రవం ఉబ్బి బుడ్డి పగిలితేనే నీళ్లు. ఎర్ర బుడ్డి 68 డిగ్రీలకు పగులుతుంది. అదీ ఆ ఒక్క హెడ్డే, ఇల్లంతా ఒకేసారి తడవదు. ఈ మూడేళ్లలో సాంబ్రాణి వేశాం, వ్రతాలు చేశాం, తాలింపు ఘాటుకు అందరం దగ్గాం, ఒక్క చుక్క పడలేదు. రెండో అంతస్తు శ్లాబు మేలో పెనంలా కాలుతుంది కాబట్టి అక్కడ మాత్రం 93 డిగ్రీల ఆకుపచ్చ బుడ్డివి పెట్టించాను. వంటింట్లో హెడ్ పొయ్యికి సరిగ్గా పైన వద్దన్నాను, కాగిన నూనె మీద నీళ్లు పడితే మంట ఎగజిమ్ముతుంది.

అసలు కష్టమంతా నీళ్లతోనే. మెట్ల గది మీది ట్యాంకు నుంచి పై అంతస్తు సీలింగ్‌కు మూడు మీటర్లు కూడా దిగదు. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ ఒత్తిడి, అంటే అక్కడ అర బార్ కూడా రాదు, హెడ్ బలంగా చల్లడానికి అది చాలదు. అందుకే పంపు తప్పలేదు. నిప్పంటుకుంటే ఎవరైనా ముందు కరెంటు మెయిన్ ఆపేస్తారు కదా, అప్పుడు పంపు కూడా ఆగిపోతే ఎలా? దాని వైరు మెయిన్ స్విచ్ కంటే ముందే విడిగా తీయించాను. ఈ సంగతి నేను అడిగేదాకా పని చేసినాయన చెప్పలేదు.

2024 ఎండాకాలంలో బోరు ఎండిపోయింది, ట్యాంకర్ల మీదే బతికాం. ట్యాంకు అడుగంటిన రోజున పైన హెడ్లు ఉండి ఏం లాభం? ఇంటి వాడకం పైపును ట్యాంకులో పైకి మార్పించి, కింద వెయ్యి లీటర్లు ఎప్పుడూ మిగిలేలా చేశాను. ఒక హెడ్ నిమిషానికి దాదాపు 80 లీటర్లు పోస్తుంది, అంటే పన్నెండు నిమిషాలు. ఫైరింజన్ వచ్చేలోపు ఆ పన్నెండు నిమిషాలే అమ్మను కిందికి దించడానికి మాకున్న గడువు.

నెలకోసారి పైపు లైను చివర ఉన్న టెస్ట్ వాల్వు తిప్పి బకెట్ పెడతాను. ఇరవై లీటర్ల బకెట్ పదిహేను సెకన్లలో నిండాలి. ఒకసారి అర నిమిషం పట్టింది. చూస్తే స్ట్రెయినర్‌లో, అంటే నీళ్లు వడకట్టే జాలిలో, మట్టి. బోరు నీళ్ల ఇళ్లలో ఇది తప్పదు, ఆరు నెలలకోసారి ట్యాంకు కడిగించాల్సిందే.

స్ప్రింక్లర్లు ఉంటే చాలనుకోకండి. 2025 మేలో చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో ఒక ఇంట్లో మంటలు లేచి 17 మంది పోయారు, అందులో 8 మంది పిల్లలు. నిద్రలో మనిషిని ముందు పట్టేది పొగ. పరుపు నెమ్మదిగా రాజుకుంటే బుడ్డి పగిలే వేడి వచ్చేసరికే ఆలస్యమవుతుంది. అందుకే అమ్మ గదిలో బ్యాటరీతో నడిచే పొగ అలారం విడిగా పెట్టాను. స్కూటర్ చార్జింగ్‌ను గేటు పక్కకు, ఆరుబయటికి మార్చాం. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఈ నీళ్లు చుట్టుపక్కలను చల్లబరుస్తాయేమో గానీ, బ్యాటరీనే ఆర్పేస్తాయని నేను నమ్మను.

దేవుడి దయవల్ల నిప్పుకు ఒక్క హెడ్డూ పగల్లేదు. కార్పెంటర్ చేతిలో మాత్రం ఒకటి పగిలింది. కప్‌బోర్డ్ పలక పైకెత్తుతుంటే తగిలి నల్లటి, తుప్పు వాసన నీళ్లు ధారగా మంచం మీదికి కొట్టాయి. నీళ్లు ఆపే వాల్వు బీరువా వెనక ఉంది. బీరువా జరిపి ఆపేసరికి నాలుగు నిమిషాలు పట్టింది, మూడు వందల లీటర్లకు పైనే పోయుంటాయి. పరుపు పనికిరాకుండా పోయింది. పగిలిన హెడ్‌ను బాగు చెయ్యరు, కొత్తదే వెయ్యాలి, అది దొరికేసరికి రెండు రోజులు ఆ లైను మూసే ఉంచాం. ఆ రెండు రాత్రులూ నేను అమ్మ గదిలోనే పడుకున్నాను. ఇప్పుడు మూడు హెడ్లు, వాటి పానా డబ్బాలో పెట్టి వాల్వు పక్కనే వేలాడదీశాను. బీరువా తీసేశాం. పదేళ్ల మా పాపతో కూడా వాల్వు తిప్పించి చూశాను.