ముందు బుర్రకథా, ఒగ్గుకథా?

ఒకే సాయంత్రం రెండూ ఉంటే బుర్రకథే ముందు పెట్టాలి. దాని ప్రాణం మాటలో ఉంది. ఒగ్గుకథలో మోగే డోళ్ల మోత ముందే విన్న చెవులకు వంత వేసే చమత్కారం అందదు.

బుర్రకథకు ముగ్గురు చాలు. నడుమ తంబురా, అందెలతో కథకుడు. ఇరుపక్కలా డక్కీలనే చిన్న వాయిద్యాలతో వంతలు, అంటే వంత పాడేవాళ్లు: ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథకుడు ముందుకీ వెనక్కీ చిందేస్తూ తిరుగుతాడు. స్టాండు మైకు పెడితే సగం మాట గాలికి పోతుంది, చొక్కాకు తగిలించే మైకు ఇవ్వండి. వంతలకు స్టాండు మైకులు సరిపోతాయి. 40 నిమిషాలే ఉందంటే ఒక్క ఘట్టం తీసుకుని రక్తి కట్టిస్తారు.

ఒగ్గుకథను అలా కత్తిరించడం కష్టం. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ లాంటి దేవతల కథలు వాళ్ల పూజతో ముడిపడినవి. ఏ భాగం చెప్పాలో బృందాన్నే అడగాలి, నిర్వాహకులు తేల్చకూడదు. డోళ్లకు మైకు పెట్టొద్దు, కథకుడి గొంతు మునిగిపోతుంది. ఒగ్గుడోలు విన్యాసాలూ ఉంటే చెక్క వేదిక వద్దు: ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతారు, పలక ఊగితే పడతారు. వేదిక ముందున్న నేలే మేలు. జనాన్ని కాస్త వెనక్కి జరపండి, అంతే.