ఈఎల్84 సింగిల్ ఎండెడ్ ఆంప్‌కి మూడు కోర్లు వేసి చూశాక

ముందే చెప్పేస్తున్నా, సింగిల్ ఎండెడ్ ఆంప్ (ఒకే పవర్ ట్యూబు మొత్తం సిగ్నల్‌ని మోసేది) కడుతున్నవాళ్లు, ట్యూబుకీ స్పీకర్‌కీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కోర్ కోసం అమార్ఫస్, నికెల్ అంటూ జేబు ఖాళీ చేసుకోనక్కర్లేదు. మంచి సీఆర్‌జీఓ (గ్రెయిన్ ఒకే దిక్కున ఉండే సిలికాన్ స్టీలు) రేకు కాస్త దండిగా పేర్పించుకుని, మిగిలిన డబ్బు వైండింగ్ మీద పెట్టండి. ఎందుకో చెప్తా.

నా ఆంప్‌లో ఉన్నది ఈఎల్84 ట్యూబు, పెంటోడ్‌గానే (ట్రయోడ్‌గా మార్చకుండా). డేటాషీటులో ఉన్నట్టే 250 వోల్టులు, 48 మిల్లీయాంపులు, 5.2 కిలోఓమ్‌ల లోడు, 10 శాతం డిస్టార్షన్ దగ్గర 5.7 వాట్లు. ప్రైమరీ (ట్యూబు వైపు తీగ) 3000 చుట్లు. కోర్లు మూడు రకాలు: బజార్లో మామూలుగా దొరికే స్టాంపింగ్ (ఈ, ఐ అక్షరాల ఆకారంలో కొట్టిన రేకులు), ఎం4 గ్రేడ్ సీఆర్‌జీఓ, అమార్ఫస్ (స్ఫటికాలు లేని లోహం) సీ-కోర్. మొదటి రెండూ 15 నంబర్ సైజే, అంటే నడిమి నాలుక అంగుళం వెడల్పు, పేర్పు కూడా అంగుళమే.

మామూలు స్టాంపింగ్ జత చెత్తేమీ కాదు. తక్కువ వాల్యూమ్‌లో గొంతు పాటలు వింటే కళ్లు మూసుకుని తేడా చెప్పడం కష్టం. వాల్యూమ్ పెంచి మృదంగం పెట్టండి, అప్పుడు తెలుస్తుంది. ఎడమ మూత గుమ్మనాల్సిన చోట బొద్దుగా, ముద్దగా వస్తుంది. ఇందులో మిస్టరీ ఏం లేదు, లెక్కే. ట్యూబు లాగే డీసీ ఒక్కటే కోర్‌లో దాదాపు 0.8 టెస్లా (అయస్కాంత సాంద్రతకి కొలత) తినేస్తుంది, దాని మీద 30 హెర్ట్జ్ దగ్గర ఫుల్ పవర్ సిగ్నల్ ఇంకో 0.65 దాకా పోస్తుంది. ఆ మొత్తం దగ్గర నాసిరకం రేకుకి ఊపిరాడదు.

సీఆర్‌జీఓ జత అక్కడ నిబ్బరంగా నిలబడింది. నాకు నచ్చింది ఇదే, పదికి తొమ్మిది ఇస్తా. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానంటే, ఈ రేకులో గ్రెయిన్ అంతా ఒకే దిక్కున ఉంటుంది, ఈ-ఐ ఆకారంలో కత్తిరించినప్పుడు మూలల దగ్గర ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) అడ్డం తిరగాల్సిందే. సీ-కోర్‌లో ఆ బాధ లేదు, పట్టీని చుట్టే చేస్తారు కాబట్టి. ఇంకో జాగ్రత్త: పాత కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు విప్పి, ఆ రేకునే మళ్లీ కోసి సీఆర్‌జీఓ అని అమ్మేవాళ్లున్నారు. రేకు కోసినా వంచినా దాని గుణం దెబ్బతింటుంది, తర్వాత అనీలింగ్ చేస్తేనే తిరిగి వస్తుంది. అంచులు తుప్పు పట్టి, పూత గీసుకుపోయి ఉంటే వద్దనండి.

ఇక అమార్ఫస్. చూడ్డానికి ముచ్చటగా ఉంది, 25 మైక్రాన్ల రిబ్బన్, కోర్ లాస్ చాలా తక్కువ. కానీ ఆ తక్కువ లాస్ రోజంతా కరెంటు మోసే వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కి లాభం, ఐదు వాట్ల ఆంప్‌కి ఒరిగేదేంటి? పైగా 1.56 టెస్లాకే సాచురేట్ అవుతుంది (ఇక అంతకు మించి ఫ్లక్స్ మోయలేదు), సీఆర్‌జీఓ కన్నా ముందే. బాస్ గట్టిగా వచ్చినప్పుడు కోర్ సన్నగా జుయ్యిమంటోంది కూడా, స్పీకర్ తీసేసి డమ్మీ లోడ్ పెట్టినా వినిపించింది. డబ్బుకి తగ్గ ఫలితం లేదు.

అసలు సంగతి గ్యాప్‌లో ఉంది. డీసీకే కోర్ నిండిపోకుండా ఈ-లకీ ఐ-లకీ మధ్య 0.1 మిల్లీమీటర్ల కాగితం పెడతాం, ఫ్లక్స్ దాన్ని రెండుసార్లు దాటుతుంది కాబట్టి లెక్కలో 0.2. కోర్‌లో ఫ్లక్స్ దారి 15 సెంటీమీటర్లు. పెర్మియబిలిటీ (గాలి కన్నా ఎన్ని రెట్లు తేలిగ్గా ఫ్లక్స్‌ని పోనిస్తుందో ఆ లెక్క) 5000 అనుకుంటే ఆ ఇనుమంతా కలిపి 0.03 మిల్లీమీటర్ల గాలితో సమానం. రెట్టింపు మంచి ఇనుము కొన్నారనుకోండి, గ్యాప్‌తో కలిపి 0.23 కాస్తా 0.215 అవుతుంది, అంతే! బాస్‌ని నిలబెట్టే ఇండక్టెన్స్ ఎటు తిరిగినా 30 హెన్రీల చుట్టుపక్కలే. నికెల్ ఎక్కువున్న పర్మలాయ్ అయితే 0.8 టెస్లా దగ్గరే చేతులెత్తేస్తుంది, ఇక్కడ డీసీకే అదంతా అయిపోతుంది. పారాఫీడ్ (కెపాసిటర్ పెట్టి డీసీని ట్రాన్స్‌ఫార్మర్‌లోకి రానివ్వని పద్ధతి) కట్టేవాళ్లకి, ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లకి మాత్రం అది బంగారం.

రెండు ట్యూబులు ఎదురెదురుగా పనిచేసే పుష్-పుల్ కథ వేరు. రెండు ట్యూబుల డీసీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, గ్యాప్ అక్కర్లేదు, అక్కడ కోర్ మీద పెట్టే డబ్బుకి అర్థం ఉంటుంది.

వైండింగ్ షాపు గురించి ఒక మాట. పేరు చెప్పను, కోఠి వైపు. చుట్టడం శుభ్రంగా చుట్టాడు, ప్రైమరీ సెకండరీ పొరలు అడిగినట్టే మార్చి మార్చి వేశాడు, టెంపర్ లేకుండా మాట్లాడాడు. కానీ మొదటి జత రేకుల్ని స్టెబిలైజర్‌కి వేసినట్టు ఎదురూ బొదురూ పేర్చి ఇచ్చాడు, గ్యాప్ లేదు, బాస్ లేదు. "అన్నా, అన్ని ఈ-లూ ఒకవైపే రావాలి, మధ్యలో కాగితం" అంటే, "అట్ల వేస్తే హమ్మింగ్ వస్తది సార్" అని వాదించాడు. చివరికి విప్పి సరిగ్గా పేర్చాడు, అదనంగా పైసా తీసుకోలేదు, అది ఒప్పుకోవాలి. మీరు వెళ్తే బొమ్మ గీసి ఇవ్వండి, వార్నిష్‌లో ముంచకముందే పేర్పు చూడండి, ముంచాక మళ్లీ విప్పడం నరకం.