నాలుగేళ్ల సబ్లిమేషన్ ప్రింటింగ్: ప్రింటర్ ఒక్కటే, ఇంకులు మూడు

మా అక్క వాళ్ల నల్లకుక్క ఫొటోతో చేసిన మొదటి మగ్గు ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది, పెన్నులు వేసుకోవడానికి. దాని మీద కుక్క నల్లగా లేదు, తుప్పు పట్టిన ఇనుము రంగులో ఉంది. ఆ రోజు ప్రింటర్‌ని తిట్టుకున్నాను, తిరిగిచ్చేద్దామా అని కూడా అనుకున్నాను. నాలుగేళ్లయింది. అదే ప్రింటర్ మీద ఇప్పుడు నలుపు నల్లగానే వస్తోంది. మధ్యలో మారింది ఇంకు, దాని ప్రొఫైల్ (రంగుల లెక్క చెప్పే ఫైలు), కొంత నా బుద్ధి.

నాది ఏ4 సైజు, నాలుగు రంగుల ఇంక్ ట్యాంక్ ప్రింటర్. మామూలు ఇంటి ప్రింటర్‌గా అమ్మేదే. డబ్బాలోంచి తీసి, దాంతో వచ్చిన ఇంకు సీసాలు పక్కన పెట్టేసి, తొలి చుక్క నుంచే సబ్లిమేషన్ ఇంకు పోశాను, అంటే ముందు కాగితం మీద ప్రింట్ తీసి, వేడితో మగ్గు మీదికో బట్ట మీదికో బొమ్మ ఎక్కించే ఇంకు. మోడల్ పేరు కావాలనే రాయడం లేదు. కింద చెప్పబోయే తిప్పల్లో సగానికి పైగా నేను చేజేతులా తెచ్చుకున్నవే, వాటిని కంపెనీ నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

ప్రింటర్ ఎంచుకునేటప్పుడు నేను సరిగ్గా చూసిన విషయం ఒకటుంది, అది హెడ్ రకం, అంటే కాగితం మీద ఇంకు చుక్కలు వదిలే భాగం ఏ రకమో. కానన్, హెచ్‌పీ ఇంటి ఇంక్‌జెట్లలో ఉండేది థర్మల్ హెడ్. అది ఇంకును క్షణంలో వేడి చేసి, లేచిన ఆవిరి బుడగతో చుక్కను బయటికి నెడుతుంది. ఎప్సన్, బ్రదర్ ఇంక్‌జెట్లలో ఉండేది పీజో హెడ్. కరెంటు తగలగానే లోపలి పలక వంగి చుక్కను తోసేస్తుంది, వేడితో పని లేదు. సబ్లిమేషన్ రంగు గుణమే వేడికి గట్టి రూపం నుంచి నేరుగా ఆవిరి కావడం. ఆ ఆవిరే పాలిస్టర్‌లోకో, మగ్గు పైపూతలోకో దూరి అక్కడే ఉండిపోతుంది. అలాంటి ఇంకుకు వేడి తగలాల్సిన చోటు హీట్ ప్రెస్ (వేడితో నొక్కే యంత్రం) ఒక్కటే. అందుకే పీజో హెడ్డే తీసుకోవాలి. లేజర్ ప్రింటర్ల సంగతి అసలు ఎత్తక్కర్లేదు.

పీజో అనుకున్నాక రెండు దారులు. ఎప్సన్ ఎఫ్100, ఎఫ్170, సాగ్రాస్ ఎస్‌జీ500 లాంటివి ఈ పని కోసమే తయారైన యంత్రాలు. ఇంకు, ప్రొఫైల్, వారంటీ అన్నీ ఒకరి దగ్గరే ఉంటాయి. రెండోది నేను పట్టిన దారి, మామూలు ట్యాంక్ ప్రింటర్‌ని మార్చుకోవడం. ఇందులో ఇంకు ఖర్చు బాగా తగ్గుతుంది, బదులుగా వారంటీ మీద ఆశ వదులుకోవాలి. వారానికి పది మగ్గులు బయటివాళ్లకు చేసి ఇవ్వాల్సినవాళ్లు మొదటి దారిలో వెళ్లడమే మంచిదని నా అభిప్రాయం. ఆర్డర్ ఇచ్చిన మనిషి ఎదురు చూస్తుంటే నాజిళ్లు (హెడ్‌లో ఇంకు వచ్చే సన్నటి రంధ్రాలు) కడుగుతూ కూర్చునే టెన్షన్ ఎందుకు? సరదాకి, నేర్చుకోవడానికి అయితే రెండోది చాలు. ఒక్కటి మాత్రం చేయొద్దు. ఇంట్లో పాత ప్రింటర్ ఉంది కదా అని, మామూలు ఇంకు నడిచిన దాంట్లో ఇది పోయకండి. గొట్టాల్లో, హెడ్‌లో మిగిలిన పాత ఇంకు ఎంత కడిగినా కొంత ఉండే తీరుతుంది.

ఇక ఇంకుల కథ.

మొదటి ఇంకు చవకగా దొరికింది. సీసాల మీద రంగు పేరు తప్ప ఇంకేమీ లేదు. ప్రొఫైల్ అంటే ఏమిటో అప్పటికి నాకూ తెలియదు. కాగితం మీద ప్రింటు వెలిసిపోయినట్టు, నలుపు బూడిద రంగులో కనిపించేసరికి గుండె జారింది. నిజానికి సబ్లిమేషన్‌లో కాగితం మీద రంగు అలాగే ఉంటుంది, ప్రెస్ అయ్యాకే విచ్చుకుంటుంది. ఆ సంగతి తెలియక, రంగు ముదురుతుందని టైమ్ పెంచాను. 200 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలు చాలే మగ్గుని నాలుగున్నర నిమిషాలు కాల్చాను. కుక్క తుప్పు రంగుకు తిరగడానికి ఒక కారణం అదే. వేడి ఎక్కువైనా, ఎక్కువసేపు తగిలినా నలుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. తక్కువైతే ఆకుపచ్చ చాయ కనిపిస్తుంది.

టైమ్ తగ్గించాక కొంత నయమైంది గానీ చర్మం రంగులు ఎర్రగా, ఆకాశం ఊదాగా వస్తూనే ఉన్నాయి. అప్పుడు రెండో ఇంకు తెప్పించాను. ఇది ఐసీసీ ప్రొఫైల్‌తో వచ్చింది, అదీ నా ప్రింటర్ మోడల్‌కి చేసినది. ప్రొఫైల్ అంటే ఒక చిన్న ఫైలు. ఈ ప్రింటర్‌లో ఈ ఇంకుతో, ఈ రకం కాగితం మీద అడిగిన రంగు రావాలంటే ఏ ఇంకు ఎంత పడాలో అందులో ఉంటుంది. కంప్యూటర్‌లో ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, తన కంపెనీ ఇంకే పోశారనుకుని లెక్క వేస్తుంది. మనం పోసింది వేరే ఇంకు అని దానికి చెప్పేది ఈ ఫైలే.

ప్రొఫైల్ వచ్చినా మూడు నెలలు నాకు రంగులు కుదరలేదు. కారణం తెలిసినప్పుడు నన్ను నేనే తిట్టుకున్నాను. ఫొటోషాప్‌లో ప్రొఫైల్ పెట్టాను, డ్రైవర్‌లో రంగుల సవరణ ఆపలేదు. అంటే ఒకే బొమ్మను ఇద్దరు సరిదిద్దుతున్నారు. డ్రైవర్‌లో 'నో కలర్ అడ్జస్ట్‌మెంట్' పెట్టిన రోజు కుక్క నల్లబడింది. ఇంకో మెలిక ఉంది. ప్రొఫైల్ తయారుచేసినవాళ్లు ఏ పేపర్ రకం, ఏ క్వాలిటీ ఎంచుకున్నారో మనమూ డ్రైవర్‌లో అవే ఎంచుకోవాలి. నాకు వచ్చిన సూచనల్లో మ్యాట్ పేపర్, హై క్వాలిటీ అని ఉంది. అది మారిస్తే పడే ఇంకు పరిమాణమే మారిపోతుంది. ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ కొడితే ఈ ఏర్పాటంతా పక్కకు పోతుంది, అందుకే ఆ పని మానేశాను.

రెండేళ్లు హాయిగా గడిచాయి. తర్వాత ఆ ఇంకులో నలుపు, మెజెంటా (ముదురు గులాబీ) సీసాలు అయిపోయి, మళ్లీ దొరకడానికి నెల పడుతుందన్నారు. ఆగలేకపోయాను. మూడో కంపెనీ ఇంకు తెచ్చి, ట్యాంకులో మిగిలిన దాని మీదే పోశాను. సబ్లిమేషన్ ఇంకు ఏదైనా ఒకటే కదా అనుకున్నాను. కాదు. ప్రొఫైల్ పనికిరాకుండా పోయింది, ఎందుకంటే రెండు రంగులు పాతవి, రెండు కొత్తపాతల కలగలుపు. పది రోజులకు మెజెంటా నాజిళ్లు పూడటం మొదలైంది. రెండు ఇంకులు పడక గడ్డకట్టాయో, కొత్తదే సరిగా లేదో తేల్చే వీలు లేదు, కలిపేశాక ఇంకేం తేలుతుంది! చివరికి ట్యాంకులు సిరంజితో ఖాళీ చేసి, కొన్నాళ్లు ఆగి, రెండో ఇంకుకే తిరిగి వచ్చాను. గొట్టాల్లో పాతది పోయేదాకా బోలెడు పేజీలు వృథాగా కొట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ఏ రంగైనా సగానికి దిగితే కొత్త సీసా తెప్పించేస్తాను. అలాగని ఏడాదికి సరిపడా కొని దాచుకోవడమూ పనికిరాదు. ఈ ఇంకులో రంగు కరగదు, సన్నటి రేణువులుగా తేలుతూ ఉంటుంది. ఊరికే ఉంచితే అడుగుకు దిగుతుంది. పోసే ముందు సీసాను మెల్లగా తిప్పి కలుపుతాను, గడువు తేదీ చూస్తాను.

హెడ్ ఎండిపోవడం ఈ ప్రింటర్లకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఒకసారి ఆరు వారాలు ప్రింటర్ ముట్టుకోలేదు. వచ్చి చూస్తే నాజిల్ చెక్‌లో, అంటే నాజిళ్లన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపే గీతల పేజీలో, మెజెంటా గీతలు మూడొంతులు లేవు. కంగారులో వరసగా ఐదుసార్లు హెడ్ క్లీనింగ్ కొట్టాను. దానివల్ల లాభం కన్నా నష్టమే ఎక్కువ. ప్రతి క్లీనింగ్‌కూ ఇంకు పోయి, వృథా ఇంకును పీల్చుకోవడానికి అడుగున ఉన్న ప్యాడ్‌లో చేరుతుంది, దాని లెక్క నిండితే ప్రింటర్ పనే ఆపేస్తుంది. ఒకసారి క్లీనింగ్ కొట్టి, రాత్రంతా వదిలేసి, మర్నాడు మళ్లీ చూడటమే నాకు బాగా పనిచేసింది. ఇప్పుడు ప్రతి ఆదివారం నాలుగు రంగుల పట్టీలున్న పేజీ ఒకటి మామూలు కాగితం మీద తీస్తాను. నాజిల్ చెక్‌లో పసుపు గీతలు తెల్ల కాగితం మీద కంటికి ఆనవు, నీలం రంగు లైటు కింద పెడితే ముదురుగా కనిపిస్తాయి.

ఆరు రంగుల మోడల్ తీసుకోలేదేమని ఒకరిద్దరు అడిగారు. లేత సయాన్ (నీలం), లేత మెజెంటా ఉంటే ముఖాల మీద నీడలు నున్నగా వస్తాయి, నిజమే. కానీ పూడటానికి ఇంకో రెండు వరసల నాజిళ్లు కూడా వస్తాయి. మగ్గుల మీద ఆ తేడా నా కంటికి పెద్దగా తెలియలేదు. సైజు విషయంలో మాత్రం నాకు చింత ఉంది. మామూలు మగ్గు చుట్టూ వేసే బొమ్మ సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల ఎత్తు, ఏ4లో మూడు పడతాయి. పెద్దవాళ్ల టీషర్టు ముందు భాగానికి ఏ4 బొమ్మ జేబుకు అతికించిన స్టాంపులా ఉంటుంది. టీషర్టులే మీ లక్ష్యమైతే ఏ3 చూడండి.

కాగితం గురించి రెండే మాటలు. సబ్లిమేషన్ పేపర్‌నే వాడండి, ప్యాకెట్ మూసి ఉంచండి. తేమ తగిలిన కాగితం ప్రెస్‌లో ఆవిరి వదిలి బొమ్మ అంచులు చెదరగొడుతుంది. బట్టను కూడా ముందు పది సెకన్లు ఖాళీగా నొక్కి, నూగు తీసే రోలర్ తిప్పుతాను. తెల్ల చొక్కా మీద నీలం చుక్క పడిందంటే అది ప్రింటర్ తప్పు కాదు, కంటికి కనపడని దారపు పోగు.

నాలుగేళ్ల కిందటి పాలిస్టర్ టీషర్టు మీద బొమ్మ పగల్లేదు, ఊడలేదు. పైన పొర ఏమీ ఉండదు కాబట్టి పగలడానికి ఏమీ లేదు. అరవై శాతం పాలిస్టర్ ఉన్న చొక్కా మీద మొదటి ఉతుకుకే వెలిసింది, నూలు పోగుల మీది రంగు నీళ్లలో పోయింది. మగ్గుల్లో కిటికీ దగ్గర ఎండ తగిలేది పాలిపోయింది, బీరువాలో ఉన్నది అలాగే ఉంది. తెల్ల ఇంకు లేదు కాబట్టి నల్ల చొక్కాల ఆశ పెట్టుకోకండి.

పోయిన నెల తెర మీద ప్యాడ్ నిండబోతోందనే సందేశం వచ్చింది. నా మోడల్‌లో అది మన చేత్తో మార్చుకునే రకం కాదు, విప్పాలి. కొనేటప్పుడు ఊడదీసి మార్చుకునే మెయింటెనెన్స్ బాక్స్ (వృథా ఇంకు చేరే డబ్బా) ఉందో లేదో చూసి ఉండాల్సింది. అలాంటి బాక్స్ ఉన్న కొత్త మోడల్ తీసుకుందామని చాలాసేపు చూశాను కూడా. కానీ నా ఇంకు కంపెనీ దానికి ఇంకా ప్రొఫైల్ ఇవ్వలేదు. ప్యాడ్ ఎలా మార్చాలో నేర్చుకుంటున్నాను. ఈలోగా ఇదే మోడల్ ఇంకొకటి దొరికితే తెచ్చి, డబ్బా విప్పకుండా అటక మీద పెట్టాను.