అంబాసిడర్ పెట్రోల్ బండికి కొత్త డిస్ట్రిబ్యూటర్: చాలాకాలం వాడాక

1489 సీసీ ఇంజను ఉన్న పాత అంబాసిడర్‌కు బజారులో దొరికే కొత్త డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచే భాగం) వేసి, వరంగల్ ఎండల్లో, వానల్లో బాగా నడిపాక రాస్తున్నాను. దాని బాడీ, షాఫ్టు, స్పీడును బట్టి స్పార్కును ముందుకు జరిపే వెయిట్లు మంచివే. దాంతోపాటు వచ్చే రోటరును (క్యాప్ లోపల తిరుగుతూ ఒక్కో ప్లగ్ వైరుకు కరెంటు అందించే ముక్క), కండెన్సరును (పాయింట్ల దగ్గర నిప్పును తగ్గించే చిన్న డబ్బా) మాత్రం నమ్మొద్దు.

అసలు మార్చే అవసరం ఉందా అన్నది ముందు తేల్చుకోండి. క్యాప్ తీసి షాఫ్టును పక్కలకు ఊపి చూడండి. ఊపినప్పుడల్లా సీబీ పాయింట్ల (కాయిల్‌కు పోయే కరెంటును తెంచి స్పార్కు పుట్టించే కాంటాక్టులు) గ్యాప్ మారుతుంటే షాఫ్టును పట్టి ఉంచే బుష్ అరిగినట్టే. ఇక ఎన్ని పాయింట్లు మార్చినా స్లోలో (ఐడ్లింగ్‌లో) బండి నిలకడగా ఆడదు. రోటరును అది తిరిగే వైపు, అంటే గడియారం ముల్లుకు ఎదురు దిశలో, కొంచెం తిప్పి వదిలితే దానంతటదే వెనక్కి రావాలి. రాకుంటే లోపల వెయిట్లు తుప్పుతో పట్టేశాయి, పికప్ పోయింది అందుకే. డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వాక్యూమ్ పైపును నోటితో పీలిస్తే పాయింట్లు బిగించిన ప్లేటు కదలాలి. కదలకపోతే పైపు బాగుందో లేదో చూసి, ఆ పైపు చివర ప్లేటును లాగే డయాఫ్రం ఒక్కటే మార్చితే సరిపోతుంది. ప్లేటును బాడీకి కలిపే సన్నని ఎర్త్ వైరు తెగినా బండి ఉండుండి మిస్సింగ్ కొడుతుంది. దానికి మొత్తం సెట్టు కొనడం దండగ.

బిగించడం కష్టం కాదు. బ్యాటరీ ఎర్త్ తీసేయండి. పుల్లీ మీది గాడి టైమింగ్ కవర్ మీది పొడవాటి ముల్లు ఎదుటికి, రోటరు ఒకటో నంబర్ వైరు వైపుకు వచ్చేదాకా ఇంజను తిప్పి, వైర్లకు నంబర్లు రాసుకోండి. క్లాంప్ ప్లేటు బోల్టులు విప్పితే డిస్ట్రిబ్యూటర్ పైకి వస్తుంది. కింది డ్రైవ్ నాలుక మధ్యలో కాకుండా ఒక పక్కకు ఉంటుంది కాబట్టి కొత్తది ఒకే తీరున కూర్చుంటుంది. రోటరు తిప్పుతూ నొక్కండి, సుత్తి ముట్టొద్దు. వైర్ల వరుస 1-3-4-2, రోటరు తిరిగే దిశలోనే.

పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, హీల్ (పాయింట్లలో క్యామ్‌కు రాసుకునే ముక్క) క్యామ్ (షాఫ్టు మీది మూలల భాగం) ఎత్తు మీద ఉన్నప్పుడు కొలవాలి. పాయింట్ల పోస్టు దగ్గరి ప్లాస్టిక్ వాషర్లు వరుస తప్పితే కరెంటు నేరుగా ఎర్త్‌కు పోయి స్పార్కే రాదు. కొత్త పాయింట్లు వేసినప్పుడు ఎక్కువ మంది ఇక్కడే ఆగిపోతారు. గ్యాప్ అయ్యాకే టైమింగ్, అంటే స్పార్కు పడే క్షణం సరిచేయడం. బ్యాటరీ ఎర్త్ మళ్లీ తగిలించి, మాన్యువల్‌లో చెప్పిన డిగ్రీ దగ్గర పుల్లీ నిలిపి, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వైరు పోయే టెర్మినల్‌కూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టి ఇగ్నిషన్ వేయండి. డిస్ట్రిబ్యూటర్ బాడీని ముందు ల్యాంప్ ఆరేదాకా రోటరు దిశలోకి తిప్పి, తర్వాత మెల్లగా ఎదురు దిశలోకి తిప్పండి. ల్యాంప్ వెలిగిన చోటే క్లాంప్ బిగించాలి.

ఇక లోపాలు. రోటరులో ఇత్తడి రేకును పట్టి ఉంచే రివెట్ షాఫ్టుకు మరీ దగ్గరగా ఉంది. వేడెక్కాక స్పార్కు దాన్లోంచి షాఫ్టుకు దూకుతుంది. మే నెలలో ములుగు రోడ్డు మీద బండి ఆగి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంటే ముందు దీన్నే అనుమానించండి. పరీక్ష సులువు: క్యాప్ తీసి, కాయిల్ నుంచి వచ్చే పెద్ద వైరును ఇన్సులేషన్ ఉన్న కటింగ్ ప్లేయరుతో పట్టుకుని, రోటరు రేకుకు 3 మిల్లీమీటర్ల ఎత్తున ఉంచి సెల్ఫ్ కొట్టించాలి. స్పార్కు రోటరు మీదికి దూకితే అది పాడైనట్టే. రివెట్ లేని రకం రోటరు వేశాక ఈ బాధ పోయింది. కండెన్సరూ వేడికే చస్తుంది. పాయింట్ల దగ్గర పెద్దగా నీలం నిప్పు రావడం, పాయింట్లు త్వరగా కాలిపోవడం దాని గుర్తులు. పాత కండెన్సర్ బాగుంటే అదే కొత్త బాడీలో వేసుకోండి.

వాడకంలో హీల్ అరిగి గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ వెనక్కి పోతుంది. 5000 కిలోమీటర్లకోసారి గ్యాప్ చూసి, క్యామ్‌కు చిటికెడు గ్రీజు, రోటరు కింద షాఫ్టు నడినెత్తిన రెండు చుక్కల ఆయిల్ వేస్తే చాలు. ఎక్కువైతే పాయింట్ల మీద పడి కాలుతుంది. వానాకాలం ముందు క్యాప్ లోపల సన్నని నల్లగీతలు ఉంటే క్యాప్ మార్చడమే, గీకితే పోవు. తీసేసిన పాత డిస్ట్రిబ్యూటర్‌ను పారేయకండి. మంచి లేత్ షాపులో బుష్ వేయిస్తే ఆ బాడీ కొత్తదానికన్నా గట్టిగా పనిచేస్తుంది.