నీళ్లు నిలపడం బాగా నేర్పారు, చెడకుండా చూడటం సగమే: తిరుపతి దగ్గర రెండు రోజుల రైతు శిక్షణపై సమీక్ష

చంద్రగిరి వైపు ఒక మామిడి తోపులో జరిగే శిక్షణ ఇది. మొదటి రోజు పొలంలో మట్టి కోత, వాన నీటి నిల్వ. రెండో రోజు బోరు నీళ్లు, చెరువు నీళ్లు చెడిపోకుండా తీసుకోవాల్సిన జాగ్రత్తలు. రుసుము లేదు, మధ్యాహ్న భోజనం నిర్వాహకులదే. మొదటి రోజుకు కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. రెండో రోజుకు మాత్రం ప్రశ్నలు రాసుకుని వెళ్లండి, అడిగితే గానీ అసలు సంగతులు బయటికి రావు.

మొదటి రోజు ఏ-ఫ్రేమ్‌తో మట్టం గీతలు (చేనులో ఒకే ఎత్తున సాగే గీతలు, వీటి మీదే కట్టలు వేస్తారు) గీయించడం ఈ శిక్షణలో అన్నిటికన్నా బాగున్న భాగం. రెండు కర్రలు, నడుమ అడ్డ కర్ర, పైనుంచి రాయి కట్టిన దారం, అంతే సరంజామా. చాలా చోట్ల దీన్ని కట్టి చూపించి వదిలేస్తారు. ఇక్కడ సరిచూడటం కూడా నేర్పారు. ఫ్రేమ్ నిలబెట్టి దారం తాకిన చోట అడ్డ కర్రపై గుర్తు పెట్టాలి, అవే రెండు చోట్ల ఫ్రేమ్ కాళ్లు తారుమారు చేసి మళ్లీ గుర్తు పెట్టాలి. ఆ రెండు గుర్తుల నట్టనడుమే అసలు మట్టం. ఇది చేయకుండా గీత గీస్తే కట్ట ఒక పక్కకు వాలుతుంది, నీళ్లన్నీ ఆ మూలకు చేరి అక్కడే గండి కొడతాయి. గాలి ఉన్నప్పుడు దారం ఊగి లెక్క తప్పుతుంది, కాబట్టి ఈ పని పొద్దున్నే పెట్టుకోవాలని చెప్పారు. పెద్ద చేనుకు మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవల్ (నీళ్లు నింపిన సన్నని పైపు) నయం. పైపులో గాలి బుడగ ఒక్కటి మిగిలినా అదీ అబద్ధం చెబుతుంది.

నీటి కుంట దగ్గర ఒక పేచీ ఉంది. నేలపై 10 మీటర్ల చదరం, 3 మీటర్ల లోతు, 1:1 వాలు (మీటరు లోతుకు గట్టు మీటరు లోపలికి రావడం) అని బోర్డు మీద వేశారు. లెక్క సరే: అడుగు 4 మీటర్ల చదరం వస్తుంది, 156 ఘనపు మీటర్లు, అంటే లక్షా 56 వేల లీటర్లు పడుతుంది. కానీ ఇక్కడి ఎర్ర ఇసుక నేలలో 1:1 వాలు నిలవదు. ఈశాన్య రుతుపవనాల్లో ముసురు పట్టిందంటే గట్టు జారి కుంటలోకే వస్తుంది. ఇలాంటి నేలకు 1.5:1 వాలు కావాలి. అప్పుడు అదే 10 మీటర్ల చదరంలో 2 మీటర్ల లోతుకే అడుగు 4 మీటర్లకు కుంచించుకుపోతుంది, నిల్వ 104 ఘనపు మీటర్లకు దిగుతుంది. ఈ తేడా చెప్పకపోతే రైతు తవ్వకం కూలి ఒక లెక్కన కట్టి, నీళ్లు ఇంకో లెక్కన పొందుతాడు. నీళ్లు చాలవేమో అన్న బెంగ అక్కర్లేదు. ఒక ఎకరంపై 50 మిల్లీమీటర్ల వాన పడితే 2 లక్షల లీటర్లు, అందులో పావు వంతు పారినా 50 వేలు. నీళ్లు లోపలికి వచ్చే దారిలో ఒండ్రు ఆగడానికి చిన్న గుంత, పొర్లిపోవడానికి రాళ్లు పేర్చిన మరవ తప్పనిసరి. మరవ లేని కుంట మొదటి పెద్ద వానకే కట్ట తెంచుకుంటుంది.

బోరు రీచార్జ్, అంటే వాన నీళ్లను బోరులోకి దింపడం దగ్గరే మాకు గట్టి అభ్యంతరం. కేసింగ్ (బోరు పైభాగంలో దించే పైపు) చుట్టూ 10 అడుగుల గుంత తీసి, కేసింగ్‌కు రంధ్రాలు వేసి, జాలీ చుట్టి, కింద పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక నింపమన్నారు. నీళ్లు దిగడం వరకు ఇది పనిచేస్తుంది. అయితే మనది రాతి భూమి. కేసింగ్ పైన మెత్తటి పొర దాకానే ఉంటుంది, దాని కింద నీళ్లు రాతి నెర్రెల్లో పారతాయి. మట్టి గుండా వడపోత లేకుండా ఆ నెర్రెల్లోకి నేరుగా దింపితే యూరియా, పేడ నీళ్లు, మందు కడిగిన నీళ్లు అన్నీ దిగుతాయి. పారుతున్న బోరుకు రంధ్రాలు వేయడం కన్నా, కొంత దూరంలో, ఎగువన మామూలు ఇంకుడు గుంత తీయడం మేలు. ఎండిన బోరైతే ఏముందిలే అనుకుంటారు. ఆ బోరుకూ పక్క చేనులో పారే బోరుకూ నెర్రె ఒకటే కావచ్చు. మధ్యాహ్నం అన్నాల తర్వాత ఎవరో అడిగితే ఈ మాట ఒప్పుకున్నారు, మరి బోర్డు మీద ఎందుకు రాయలేదో!

రెండో రోజు నీళ్లలో నైట్రేట్ ఎంతుందో చూసే పట్టీలు పంచారు. ముంచి, రంగు చూసి, డబ్బాపై చార్టుతో పోల్చాలి. తాగునీటికి మన ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్. కొన్ని పట్టీలు నైట్రేట్‌ను కాకుండా అందులోని నత్రజనిని చూపిస్తాయి. వాటిలో 10 అని వస్తే నైట్రేట్ లెక్కలో దాదాపు 44, అంటే హద్దు అంచున ఉన్నట్టు. డబ్బా మీద ఏం రాసుందో చదవమని ఎవరూ చెప్పలేదు. 10 చూసి 'మన నీళ్లు బంగారం' అనుకుని ఇంటికి పోయినవాళ్లు ఉండే ఉంటారు. కాచితే నైట్రేట్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పసిపిల్లలకు పాలు కలిపే ఇంట్లో ఇది ముఖ్యం.

యూరియా గురించి చెప్పింది బాగుంది, కానీ అంకె వేసి చూపిస్తే ఇంకా మనసుకు పట్టేది. 45 కిలోల బస్తాలో నత్రజని 20.7 కిలోలు. అదంతా నైట్రేట్‌గా మారి కిందికి దిగితే 20 లక్షల లీటర్ల నీటిని 45 హద్దు దాకా తెస్తుంది. అంతా దిగదు, నిజమే. ఇసుక నేలలో ఒకేసారి చల్లి మడి నిండా నీళ్లు కడితే మాత్రం చాలా భాగం దిగుతుంది.

డ్రిప్ పాఠంలో చూపించిన అమరిక సరైనదే: ముందు సాండ్ ఫిల్టర్, తర్వాత వెంచురీ (ఎరువు నీళ్లను పైపులోకి లాగే పరికరం), ఆ తర్వాత స్క్రీన్ ఫిల్టర్. తడి సమయాన్ని నాలుగు భాగాలు చేసి మొదటి భాగం ఉత్త నీళ్లు, నడుమ రెండు భాగాలు ఎరువు, చివరి భాగం మళ్లీ ఉత్త నీళ్లు ఇవ్వమన్నారు. మోటారుకూ వెంచురీకీ మధ్య నాన్ రిటర్న్ వాల్వు, గాలి వాల్వు ఊసే లేదు. కరెంటు పోయిందంటే పైపులోని ఎరువు నీళ్లు వెనక్కి బోరులోకే జారతాయి. మందు ట్యాంకు నింపేటప్పుడూ అంతే, పైపు కొస మందు నీళ్లలో మునగకూడదు, పైన జానెడు ఎడం ఉండాలి. మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టే రోజుల్లో డ్రమ్ములు బోరు దిమ్మె మీదే కడగడం తోపుల్లో మామూలు. ఖాళీ డబ్బాను మూడుసార్లు తొలిచి ఆ నీళ్లు స్ప్రేయర్‌లోనే పోసుకుని, డబ్బాకు చిల్లు పెట్టేయాలి. ఇది చేసి చూపించారు, మెచ్చుకోవాలి.

మామిడి గుజ్జు తీసే కాలంలో తొక్కలు, టెంకలు వంక గట్టున పోస్తే కారే రసం చెరువులో ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా రైతులకు జరిపే శిక్షణలో దీనికి పది నిమిషాలైనా కేటాయించాల్సింది. పాడి ఉన్న ఇళ్లకు పేడ దిబ్బ బోరుకు దిగువన, దూరంగా ఉండాలన్న మాట ఒక్క వాక్యంలో తేల్చేశారు.

వెళ్లేవాళ్లు తమ బోరు నీళ్లు పట్టుకెళ్తే అక్కడే పట్టీతో చూపించుకోవచ్చు. మోటారు పది నిమిషాలు నడిచాక, సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, గాలి మిగలకుండా నింపాలి. చల్లగా ఉంచి 24 గంటల్లోపు చూపించాలి. పురుగు మందు డబ్బా ఎంత కడిగినా దీనికి పనికిరాదు. బ్యాచ్ ఎంచుకునే వీలుంటే ఎండాకాలంలోది ఎంచుకోండి, గీతలు గీసి కట్టలు వేయడానికి జూన్ లోపు టైము దొరుకుతుంది. అక్టోబరు బ్యాచ్‌లో తోపంతా బురద, ఏ-ఫ్రేమ్ కాళ్లు దిగబడి పాఠం సగంలోనే ఆగుతుంది.